రాత్రి 2 అయినా నిద్ర పట్టట్లేదా?

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నైట్ షిఫ్టులు చేసీ చేసీ నాకు నిద్ర పాడైపోయింది. జాబ్ మానేసినా రాలేదు. రాత్రి 2 దాకా ఫోనే.

చివరికి మన నిజామాబాద్–బోధన్ వైపే, ఎడపల్లి మండలం పోచారంలో ఉన్న ధమ్మ నిజ్ఝాన విపశ్యన కేంద్రానికి వెళ్లాను. పది రోజుల కోర్సు. ఫీజు లేదు, విరాళాలతో నడుస్తుంది. ఫోన్ ముందే ఇచ్చేయాలి, మాటలు బంద్, పొద్దున 4కే గంట.

మొదటి మూడు రోజులూ ఆనాపాన ఒక్కటే. ముక్కు దగ్గర గాలి వస్తోంది, పోతోంది, దాన్ని గమనించడం. లెక్కపెట్టొద్దు, గట్టిగా పీల్చొద్దు. నేనేమో శ్వాసని కూడా బగ్‌లా ఫిక్స్ చేయబోయా! రెండో రోజుకి విసుగొచ్చి వదిలేశా. అప్పుడు అదే నెమ్మదించింది.

అక్కడ ఇది నిద్ర కోసం నేర్పరు. ఇంట్లో పడుకున్నాక నేను వాడుకుంటున్నా. మనసు ఈఎంఐ మీదికి పోతుంది, పోనీ, మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకోండి. "నిద్ర వస్తోందా" అని మాత్రం చెక్ చేయొద్దు, చేస్తే ఉన్న మత్తూ పోతుంది. వారాల తరబడి నిద్ర లేకపోతే డాక్టర్‌ని కలవండి.

నిన్న కూడా 1 దాకా మెలకువగానే ఉన్నా. ఫోన్ మాత్రం హాల్లోనే ఉంది.