నిలువనీడ

బమ్మెర పోతనామాత్యుని భాగవతమున కుచేలోపాఖ్యానము మనకు సుపరిచితమే. శ్రీకృష్ణుడు బాల్యమిత్రునికి ఎదురేగి కౌగిలించెను, పాదములు కడిగెను, కుశలమడిగెను. కుచేలుడు నోరు తెరచి ఏమియు యాచింపలేదు. తిరిగి వెళ్లుసరికి పాత ఇంటిచోట భవనము వెలసియున్నది. ముందు ఆదరము, పిదప ఇల్లు. ఈ క్రమమును గమనింపవలెను.

గుడిమెట్లపైనో, కాజీపేట స్టేషను వద్దనో నిదురించువానికి పులిహోర పెట్టి మనము ఇల్లు చేరుదుము. అతడెక్కడికి పోవును? చిరునామా లేనివానికి ఆధార్ కార్డు దొరకుట కష్టము. కార్డు లేనివానికి గది అద్దెకిచ్చువారు అరుదు. ఈ ముడిని ఒంటరివాడు విప్పుకొనజాలడు. లక్ష పట్టణ జనాభాకు నూరుగురు తలదాచుకొను వసతిగృహము ఏడాది పొడవునా నడువవలెనని 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిర్దేశించినది. అయితే వసతిగృహము మజిలీ మాత్రమే, ఇల్లు గమ్యము.

కావున అతనిని పేరుపెట్టి పిలువుడు, అతని మాట వినుడు. వసతిగృహమునకు తోడు వెళ్లుడు. గుర్తింపుపత్రమునకు, పింఛను దరఖాస్తునకు వెంట నిలువుడు. పని కుదిరిన పిదప ఇంటి యజమానితో ఒక మంచిమాట చెప్పుడు. తాళపుచెవి చేతికందిన నాటితో సేవ ముగియదు. ఒంటరితనము మనిషిని మరల వీధికి తోయగలదు. పండుగనాడు అతని గడప తొక్కి పలుకరించుడు.

మెతుకు ఒక పూట ఆకలి తీర్చును; గడప మనిషిని నిలుపును. స్వస్తి.