డిజిటల్ కేబుల్ బాక్సు – మన ఇంట్లోని డి.వి.డి. రికార్డరు

(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదిక మీద మనం మామూలుగా డి.ఏ. బకాయిలు, వైద్య బిల్లులు, ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాము. ఈ రోజు కార్యదర్శి గారు నాకు వేరే విషయం అప్పగించారు. "కేబుల్ వాళ్ళు బాక్సు పెట్టిన దగ్గర నుంచి మా డి.వి.డి. రికార్డరులో ఒక్క చానలూ రావడం లేదు. పాత సామాన్ల వాడికి ఇచ్చేయమంటారా?" అని కొందరు సభ్యులు అడిగారట. నేను ఇంజనీరును కాను, ఫైళ్ళ మధ్య సర్వీసు పూర్తి చేసిన గుమాస్తాను. అయినా నా జవాబు ఒకటే. ఇవ్వకండి. కనీసం నేను చివర చెప్పబోయే పని పూర్తయ్యే వరకు ఇవ్వకండి.

హైదరాబాదులో దూరదర్శన్ 1977లో మొదలైంది. మన పక్కనే ఉన్న రామంతాపూర్ కేంద్రం, కుషాయిగూడ ఇ.సి.ఐ.ఎల్. వారి ఇ.సి. టీ.వీ. మీ అందరికీ గుర్తుండే ఉంటాయి. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. కేబుల్ వైరు ప్రతి ఇంటికీ చేరింది. ఆ తరువాత పదేళ్ళకు మనలో కొందరు డి.వి.డి. రికార్డర్లు కొనుక్కున్నారు. అప్పట్లో పని సులువు. కేబుల్ వైరు నేరుగా రికార్డరు వెనుక గుచ్చితే చానళ్ళు అదే వెతుక్కునేది. ఒక చానలు చూస్తూ మరొకటి రికార్డు చేసుకునే వీలు కూడా ఉండేది.

తరువాత కేంద్ర ప్రభుత్వం 2011లో కేబుల్ చట్టాన్ని సవరించింది. రెండవ దశలో 38 నగరాలకు, అందులో మన హైదరాబాదుకు, 2013 మార్చి 31 గడువు పెట్టారు. ఇప్పుడు వైరులో వచ్చేది డిజిటల్ సంకేతం. పైగా దానికి తాళం వేసి పంపుతారు. ఆ తాళం తీసే చెవి బాక్సులో ఉంటుంది. రికార్డరులోని పాత ట్యూనరుకు ఆ భాష తెలియదు. అందువల్ల తెర మీద చుక్కలు తప్ప ఏమీ రావు. అంటే రికార్డరు చెడిపోలేదు.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఇకపై తపాలు అందుకుని విప్పి చూసే పని బాక్సుది. రికార్డరు నకలు రాసే గుమాస్తా మాత్రమే. దాని ముందు ఏ కాగితం పెడితే దానికే నకలు తీస్తుంది. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువు.

కలిపే విధానము:

1. కేబుల్ వైరును బాక్సుకే ఇవ్వవలెను.

2. బాక్సు వెనుక ఎ.వి. అవుట్ నుండి పసుపు, తెలుపు, ఎరుపు తీగలను రికార్డరు వెనుక ఎ.వి. ఇన్ లో అదే రంగు రంధ్రాలలో పెట్టవలెను. పసుపు బొమ్మకు, మిగతా రెండు శబ్దానికి. కొన్ని కొత్త బాక్సులకు మూడు రంధ్రాలకు బదులు ఒకే సన్నని రంధ్రం ఉంటుంది. దానికి సరిపడే తీగ అడిగి తీసుకోవలెను.

3. రికార్డరు ఎ.వి. అవుట్ నుండి టీ.వీ.కి మరొక జత తీగలు.

4. రికార్డరు రిమోటుతో చానలు నంబరు కాకుండా ఎల్ 1 లేదా ఎ.వి. 1 అనే లైను ఎంచుకొనవలెను. ఏది అనేది తీగ పెట్టిన రంధ్రం పక్కనే రాసి ఉంటుంది.

హెచ్.డి.ఎం.ఐ. తీగతో రికార్డు చేయాలని చూడవద్దు. మన ఇళ్ళలోని రికార్డర్లకు అది లోపలికి తీసుకునే దారి లేదు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన రికార్డరైతే 110 వోల్టులదేమో, మన పాల్ పద్ధతిని తీసుకుంటుందో లేదో ముందుగా చూసుకోండి.

టైమరు పెట్టేవారికి ఒక హెచ్చరిక. రికార్డరు వేళకు లేచి పని మొదలుపెడుతుంది గాని, బాక్సు చానలును అది మార్చలేదు. కాబట్టి బాక్సును కావలసిన చానలు మీద పెట్టి, ఆన్ చేసి వదిలివేయాలి. మధ్యలో ఇంట్లోవారు సీరియల్ కోసం చానలు మారిస్తే డిస్కులో సీరియలే ఉంటుంది! కరెంటు పోయి వస్తే రెండింటినీ మళ్ళీ చూసుకోవాలి. రికార్డరు గడియారం తప్పవచ్చు, బాక్సు వేరే చానలుకు వెళ్ళిపోవచ్చు.

మామూలు 4.7 జి.బి. డిస్కులో ఎస్.పి. పద్ధతిలో రెండు గంటలు, ఎల్.పి.లో నాలుగు గంటలు పడుతుంది. సమయం పెరిగితే బొమ్మ నాణ్యత తగ్గుతుంది. 2009 నవంబరు 5న మన ఉప్పల్ స్టేడియంలో సచిన్ 175 పరుగులు చేసినా మనం 3 పరుగుల తేడాతో ఓడిన మ్యాచ్ గుర్తుందా? అటువంటి ఒక్క ఇన్నింగ్స్ దాచుకోవాలంటే ఎల్.పి. సరిపోతుంది. పాటకచేరీకి, హరికథకు ఎస్.పి.యే మంచిది. కొన్ని కార్యక్రమాలకు నకలు తీయరాదన్న గుర్తు కలిపి పంపుతారు. అప్పుడు రికార్డరు నిరాకరిస్తుంది. అది లోపం కాదు. తీసిన నకళ్ళు కూడా మన ఇంట్లో చూసుకోవడానికే గాని పంచిపెట్టడానికి కావు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒకసారి రాసే డిస్కులో రికార్డు చేసిన తరువాత ఫైనలైజ్ అనే పని ఒకటి ఉంది. రిజిస్టరు ముగించి కింద అధికారి సంతకం పెట్టించడం వంటిది. అది చేయని డిస్కు సాధారణంగా తనను రాసిన రికార్డరులో తప్ప వేరే ప్లేయరులో ఆడదు.

నాచారంలో మన సభ్యులొకరున్నారు. ఆయన శ్రీమతి గారు దూరదర్శన్ లో ఒకసారి బృందగానంలో పాడారు. 2008లో అది ప్రసారమైనప్పుడు ఆయన రికార్డు చేసుకున్నారు. ఆవిడ 2015లో కాలం చేశారు. ఆ తరువాత రికార్డరు కాలిపోతే ఇంట్లోవారు పారేశారు. డిస్కు మాత్రం బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది. కాని ఏ ప్లేయరులో పెట్టినా డిస్కు లేదనే సమాధానం! అదృష్టవశాత్తు అదే కంపెనీ, అదే రకం రికార్డరు ఉప్పల్ లో మరొక సభ్యుని ఇంటి అటక మీద దొరికింది. దుమ్ము దులిపి డిస్కు పెడితే గుర్తుపట్టింది. మెనూలో ఫైనలైజ్ నొక్కి కొన్ని నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాము. తరువాత మామూలు ప్లేయరులో పాట వచ్చింది. నాలుగు నిమిషాల పాట. అయిపోయాక ఆయన "మళ్ళీ మొదటి నుంచి పెట్టండి" అన్నారు. అంతకు మించి ఏమీ మాట్లాడలేకపోయారు.

ఆ అటక మీది రికార్డరు కూడా పాత సామాన్ల బండి ఎక్కి ఉంటే? కొత్త రికార్డర్లు ఇప్పుడు దుకాణాల్లో దాదాపు దొరకవు. అందుకే మనవి చేస్తున్నాను. ఇంటికి వెళ్ళగానే డిస్కులన్నీ బయటికి తీయండి. ఒక్కొక్కటి వేరే ప్లేయరులో పెట్టి చూడండి. ఆడని వాటిని మీ రికార్డరు ప్రాణంతో ఉండగానే ఫైనలైజ్ చేయండి. ఆ తరువాత మనవలను అడిగి కంప్యూటరులోకి ఎక్కించుకోండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి పిల్లల దగ్గర ఉండాలి. డిస్కు మీద బాల్ పెన్నుతో రాయవద్దు, కాగితం అంటించవద్దు, ఎండ తగలనీయవద్దు.

ఈనాటి కొన్ని బాక్సులు పెన్ డ్రైవులో రికార్డు చేస్తాయి. కాని అది సాధారణంగా ఆ బాక్సులోనే ఆడుతుంది. బాక్సు మారిస్తే రికార్డు చేసినదంతా పోయినట్లే. శాశ్వతంగా ఉంచుకోవాలనుకున్నది డిస్కులోకి తీసుకోవడమే క్షేమం.

సర్వీసు రిజిస్టరులో ఒక్క పేజీ పోతే పెన్షను ఎన్ని నెలలు ఆగిపోతుందో మనకు తెలుసు. ఆ పేజీని ఎలాగో మళ్ళీ రాయించుకోవచ్చు. పోయినవారి గొంతును మళ్ళీ రాయించుకోలేము. తీగలు కలపడం తెలియని సభ్యులు సంకోచించకుండా నన్ను పిలవండి. ఉప్పల్ అయినా, నాచారం అయినా వచ్చి కలిపి పెడతాను.