చదరంగపు సంఖ్య

ఇంకొల్లు చెంతనున్న పావులూరు కమ్మనాటిలోనిది. ఆ యూరి విభుడనని చెప్పుకొనిన మల్లన 11వ శతాబ్దిలో మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించెను. చదరంగపుటిండ్ల లెక్కను తెలుపు పద్యమొకటి ఆయన పేర ప్రసిద్ధము. మొదటి యింట ఒక గింజ, పిదప ఇంటింటికిని రెట్టింపు. అరువదినాలుగిండ్లకు మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. మిరపగింజలని యనుకొందమన్న, మల్లన నాటికి మన సీమకు మిరపయే రాలేదు! పద్యములో అయిదునకు శరము, ఒకటికి చంద్రుడు. అంకెలు ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడచును.

ఈ సంఖ్య ప్రధానాంకము కాదు. చివర 5 కలదు గనుక అయిదుచే భాగింపబడునని చూచినంతనే తెలియును. తక్కిన కారణాంకముల మాట యేమి? రెండును అరువదినాలుగు మారులు వేసి గుణించి, ఒకటి తీసివేసిన ఫలమిది. ఏ వర్గమునుండియైనను ఒకటి తగ్గించిన, మూలమునకు ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన సంఖ్యలు రెండును దాని కారణాంకములగును: 64లో ఒకటి పోగా 63, అది 7, 9ల లబ్ధము. ఈ యుక్తినే మరల మరల ప్రయోగించిన 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 వచ్చును. మొదటి అయిదును ప్రధానాంకములే. ఆరవదియు అట్టిదేయని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మెను. 1732లో ఆయిలరు దానిని 641తో నిశ్శేషముగ భాగించెను, భాగఫలము 67,00,417.

శ్రోతలు పలకయో కాగితమో తీసికొని చదరంగపు సంఖ్యనే 641తో భాగించి చూడవచ్చును, శేషము మిగులదు.