కోయా పర్వతము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



జపాను దేశమున నేను చూచి వచ్చిన కోయాసాన్ అను కొండను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. సాన్ అనగా కొండ. మన కోయవారికిని ఆ పేరునకును సంబంధమేమియు లేదు. పండ్రెండు వందల యేండ్ల క్రిందట ఆ కొండను పుణ్యక్షేత్రముగా చేసిన భిక్షువు పేరు కూకాయి. ఆయన సముద్రము దాటి పుస్తకములు మోసికొని వచ్చినవాడు. ఒకమారు పుస్తకము ఎరువీయనని నిరాకరించినవాడును. మనది గ్రంథాలయసభ గనుక ఈ రెంటిని గూర్చియే యెక్కువగా చెప్పెదను.

ఒసాకానుండి రైలులో పోయి, కొండపాదమున దిగి, ఇనుపత్రాటితో లాగెడు బండి యెక్కితిమి. అది ఐదు నిమిషములలో మమ్ము పైకి చేర్చినది. పూర్వపు యాత్రికులకు ఈ సౌఖ్యము లేదు. క్రిందనున్న జిసోన్-ఇన్ ఆలయమునుండి పైనున్న మహాస్తూపమువరకు వారు నడచిన బాట నేటికిని కలదు. సుమారు 109 మీటర్ల కొకటి చొప్పున దారిపొడవున 180 స్తంభములు నాటియున్నవి. మొదట కొయ్యగుర్తులుండెడివి, 13వ శతాబ్దిలో వానికి బదులు రాళ్లు వచ్చినవి. భూముల లెక్కలతోడను సరిహద్దు రాళ్లతోడను వయస్సు గడపిన నేను కొంతదూరము ఆ బాటవెంట రాళ్లు లెక్కించుచు పోగా మా అల్లుడు నవ్వెను.

ఆ జిసోన్-ఇన్‌లోనే కూకాయి తల్లి తుదిదినములు గడపెనని చెప్పుదురు. 1872 వరకు స్త్రీలకు కొండమీద ప్రవేశము లేదు. కన్నతల్లికిని లేదు! ఈ నియమము నాకు నచ్చలేదు. స్త్రీలు ఆగి ప్రార్థన చేసికొనిన మందిరమొకటి పైదారి మొదట ఇంకను నిలిచియున్నది.

కూకాయి 774లో జన్మించెను. 804లో ఓడనెక్కి చీనాకు పోయి, రాజధానియైన చాంగాన్ నగరమున హుయిగువో అను ఆచార్యునివద్ద మంత్రశాస్త్రమును, భారతదేశపు వాయవ్యమునుండి వచ్చిన ప్రజ్ఞుడను పండితునివద్ద సంస్కృతమును అభ్యసించెను. ఇరువదియేండ్లు ఉండుటకు పోయినవాడు రెండేండ్లకే, 806లో, తిరిగివచ్చెను. రాగానే తాను తెచ్చిన గ్రంథముల పట్టికను చక్రవర్తికి సమర్పించెను. క్రొత్తగా అనువదింపబడిన సూత్రములు 142, సంపుటములు 247; సంస్కృత గ్రంథములు 42, సంపుటములు 44; వ్యాఖ్యానములు, శాస్త్రములు 32, సంపుటములు 170. మొత్తము 216 గ్రంథములు, 461 సంపుటములు. అలవాటుచొప్పున కూడి చూచితిని, సరిపోయినవి.

816లో సాగా చక్రవర్తి ఈ కొండను ఆయనకిచ్చెను. నేడు పైన నూటికి మించిన ఆలయములున్నవి. నడుమ సిందూరవర్ణపు మహాస్తూపము; పలుమారులు కాలిపోగా, ఇప్పటిది 1937లో కట్టినది. ఈ సంప్రదాయమున కూకాయి ఎనిమిదవ గురువు, నాగార్జునుడు మూడవవాడు. దక్షిణభారతమున ఒక ఇనుపస్తూపము తలుపులు తెరచి నాగార్జునుడు ఈ విద్యను పొందెనని వారి కథ. అది మన అమరావతి స్తూపమే కావచ్చునని కొందరు పండితులు ఊహించిరి. వినుటకు సంతోషమే కాని, రసీదు లేని పద్దును నేను చిట్టాలోనికి ఎక్కింపను.

ఆ ప్రాంగణముననే ఆ కొండకు పూర్వమునుండి అధిష్ఠాతలైన దేవతల కోవెల కలదు. బుద్ధునకు స్థలమిచ్చినవారు వారేయని భిక్షువులు నేటికిని వారిని పూజింతురు. దగ్గరనే రేయిహోకాన్ అను వస్తుప్రదర్శనశాల, 1921లో తెరవబడినది. 797లో, ఇంకను యువకుడుగా నున్నపుడు, మూడు మతములను పోల్చి కూకాయి స్వహస్తముతో వ్రాసిన గ్రంథము ఈ క్షేత్రపు నిధులలో నొకటి.

ఊరి తూర్పుకొనను ఓకునోయిన్ అను శ్మశానవాటిక. రెండు కిలోమీటర్ల దారి, ఆకాశమునంటు దేవదారులు, వాని నీడను రెండు లక్షలకు మించిన సమాధులు. బ్రతికియుండగా ఒకరిపై నొకరు కత్తిదూసిన తాకెదా షింగెన్, ఊయెసుగి కెన్షిన్ అను ప్రభువులు అచట ఇరుగుపొరుగువారు. చెదలను చంపు వృత్తివారి సంఘము చచ్చిన చెదల శాంతికై నిలిపిన శిల కూడ కలదు! మన బీరువాలను ఎరిగినవారు దీనికి సులభముగా సమ్మతింపరు. పెక్కు సమాధిశిలలు ఐదంతస్తులవి: చతురస్రము, గోళము, త్రికోణము, అర్ధచంద్రము, మణి. ఇవి పంచభూతములు. వానిపై క్రిందినుండి అ, వ, ర, హ, ఖ అను బీజాక్షరములు, మన దేశమున వాడుకతప్పిన సిద్ధలిపిలో. వానియెదుట నేను చాలసేపు నిలిచితిని.

దారి చివర కూకాయి సమాధి. 835లో ఆయన మరణింపలేదనియు, ధ్యానమున నున్నాడనియు వారి విశ్వాసము. దినమునకు రెండుమారులు ఆయనకు భోజనము మోసికొని పోవుదురు. వెయ్యేండ్లుగా ఆరలేదని చెప్పు దీపము అచ్చటి మందిరమున నున్నది.

ఇక తగవు. హియెయి అను మరియొక కొండపై సైచో అను భిక్షువుండెను. కూకాయికన్న ఏడేండ్లు పెద్ద, కీర్తిలో తక్కువవాడు కాడు. అయినను 812లో చిన్నవానివద్ద దీక్ష గైకొని, పుస్తకములు తెప్పించుకొని, వ్రాసికొని, తిరిగి పంపుచుండెను. 813లో ఒక వ్యాఖ్యానగ్రంథమును కోరగా కూకాయి ఈయనని జాబు వ్రాసెను. ఈ విద్య గురుహృదయమునుండి శిష్యహృదయమునకు పోవలసినదే కాని కాగితమువలన రాదని ఆయన వాదము.

ఆ సమాధియెదుట నమస్కరించి నేను మనసున సైచో పక్షమే వహించితిని. నాకు గురువు లేడు. భారతమును, వసుచరిత్రను ఈ గ్రంథాలయపు ప్రతులలో, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, రాత్రులు చదివినవాడను. ఎవరైన “నీకు అర్హత లేదు, పుస్తకమీయను” అనియున్నచో నా గతి యేమి? కూకాయి మాటలో సత్యము లేకపోలేదు. వసుచరిత్రలో కొన్ని శ్లేషలు నాకు నేటికిని విడివడలేదు. చెప్పువాడుండిన నొక గడియలో విడివడును. కాని ఆ ముడి ఉన్నదని తెలియుటకైనను పుస్తకము చేతికి రావలెను గదా! 828లో పేదసాదలకును తలుపు తెరచిన విద్యాలయమును స్థాపించినవాడును ఆ కూకాయియే. అందువలన ఆయనపై కోపము నిలుపుకొనలేకపోతిని.

ఆయన చక్రవర్తికి సమర్పించిన పట్టిక స్వహస్తప్రతి నేడు లేదు. మనకు మిగిలినది ఎరువడిగిన సైచో తన చేతితో వ్రాసికొనిన ప్రతి. అది క్యోటో నగరమున తోజీ ఆలయమునందున్నది. ఆ తోజీ 823లో చక్రవర్తి కూకాయికి అప్పగించిన ఆలయమే.