కిరాయి గది కట్టేముందు

(మహాసభలో సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగం)



ఈ మధ్య ఏ సంఘం మీటింగుకు పోయినా మాకు ఎదురయ్యే మాట ఒకటే. "అక్కా, లోను వస్తే ఇంటి మీద రెండు రూములు ఏసి కిరాయికి ఇస్త. కూసున్న కాడికే నెలకింత వస్తది." ఆశపడటం తప్పు కాదు. బర్రె చస్తే పోతది, షాపు నడవకపోతే మూత పడుతది, గది మాత్రం ఎక్కడికీ పోదు. కానీ గది ఉన్నంత మాత్రాన కిరాయి వస్తున్నట్టు కాదు. మొదట్లో మేమూ ఈ సంగతి పట్టించుకోలేదు. ఇల్లే కదా, నిలబడి ఉండేదే కదా అని తీర్మానాల మీద సంతకాలు పెట్టాం. కిస్తీలు ఆగినంక గానీ లెక్క అడగలేదు. అందుకే ఈ రోజు లెక్కతోనే మొదలుపెడుతున్నాం.

ఒక అక్క రెండున్నర లక్షలు తీసుకుని, ఉన్న ఇంటి మీద గది, వంటిల్లు, బాత్రూమ్ వేసిందనుకుందాం. మిత్తి నూటికి రూపాయి. మూడేళ్లలో తీర్చాలంటే నెలకు కిస్తీ దాదాపు 8,300 రూపాయలు. కిరాయి 3,500 వస్తుందనుకుందాం. మిగతా 4,800 ఎక్కడి నుంచి తెస్తుంది? "వడ్డీ వాపసు వస్తది కదా" అంటారు. అది కిస్తీ తప్పకుండా కట్టినవాళ్లకు, అదీ వచ్చినప్పుడు. కిస్తీ మాత్రం నెల నెలా కట్టాల్సిందే. కూలి డబ్బుల్లోంచో, పాల డబ్బుల్లోంచో ఆ 4,800 మూడేళ్లు వరుసగా తీయగలిగితేనే కొత్త గది మాట ఎత్తండి. తీయలేకపోతే ఆ బాకీ ఆమె ఒక్కదానిదే కాదు. సంఘంలో మిగతా తొమ్మిది మంది అప్పు కూడా ఆగిపోతది. బిడ్డ ఫీజుకని అడిగే చెల్లె ఖాళీ చేతులతో ఇంటికి పోతది.

ఇంకో లెక్క చూడండి. చాలామంది ఇళ్లలో పాత సామాను వేసి మూసిపెట్టిన గది ఒకటి ఉంటది. దానికి తలుపు మార్చి, గచ్చు చేయించి, బాత్రూమ్ కట్టించడానికి 60,000 అయిందనుకుందాం. రెండేళ్లకు పెట్టుకుంటే కిస్తీ దాదాపు 2,825. కిరాయి 3,000. సరిపోయిందనిపిస్తది కదా? ఆగండి. కిరాయి ఏడాదికి పన్నెండు నెలలు లెక్కేయవద్దు, పదే వేయండి. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చేలోపు ఒక నెల పోతది, సున్నానికి, మోటారు రిపేరుకు ఇంకో నెల కిరాయి పోతది. పది నెలలకు వచ్చేది 30,000, కట్టేది 33,900. ఏడాదికి నాలుగు వేలు చేతి నుంచి పడుతుంది. ఇది మోయగలిగే బరువు. రెండేళ్లు దాటితే గదీ మనదే, కిరాయీ మనదే. మా అభిప్రాయం అడిగితే, మొదటిసారి కిరాయికి ఇచ్చేవాళ్లు ఉన్న గదిని బాగుచేసుకోవడమే మేలు.

కిరాయికి ఎవరు వస్తారన్నది ఊరిని బట్టి ఉంటది. సూర్యాపేట 2016లో జిల్లా అయింది, 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది. ఉద్యోగులు, నర్సులు, చదువుకునే పిల్లలు ఏటా వస్తూనే ఉంటారు. కోదాడ హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఉంది, కాలేజీలున్నాయి. అక్కడ పిల్లలకు ఇచ్చేవాళ్లు ఎండాకాలం సెలవుల్లో గది ఖాళీగా ఉంటుందని ముందే లెక్కలో వేసుకోవాలి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పనివాళ్లు, డ్రైవర్లు ఉంటారు. దామరచర్ల దిక్కు మాత్రం జాగ్రత్త. యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టేటప్పుడు వచ్చే పనివాళ్లు వేరు, కట్టినంక నడిపే ఉద్యోగులు వేరు. కట్టుబడి పనివాళ్లను చూసి పదేళ్ల ఆశతో స్లాబు వేయకూడదు.

కాగితాల సంగతి. జనం ఎక్కువగా 11 నెలలకు రాసుకుంటారు. తెలిసినవాళ్లే కదా అని నోటిమాట మీద ఇవ్వకండి. కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, గదిలో దిగిన రోజు మీటరు రీడింగు ఎంత, అన్నీ రాయండి, ఆధార్ కాపీ తీసుకోండి. అడ్వాన్స్ మన డబ్బు కాదు, పోయేటప్పుడు తిరిగి ఇవ్వాల్సినది. పండుగకు చీర కొనడానికి దాన్ని ముట్టుకోవద్దు. ఇక అందరం మాట్లాడటానికి మొహమాటపడే సంగతి ఒకటుంది: అప్పు మన పేరున, ఇల్లు ఆయన పేరున. కాగితం ప్రకారం కిరాయి ఎవరిదవుతది? అందుకని అగ్రిమెంటు మీద ఇద్దరూ సంతకం పెట్టండి, కిరాయి సంఘం అప్పు కట్టే అక్క ఖాతాలోనే పడాలని అందులో రాయించండి. లోను తీసుకోకముందే ఈ మాట ఇంట్లో తేల్చుకోవాలి.

కిరాయి గదికి వేరే మీటరు పెట్టించండి. 'గృహజ్యోతి' కింద అర్హత ఉన్న కుటుంబానికి నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు, కిరాయికి ఉండేవాళ్లకూ వర్తిస్తది. రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే 200 దాటిపోతది, అప్పుడు మొత్తం బిల్లు కట్టాలి, ఇద్దరూ నష్టపోతరు. ఎవరి ఫ్యాను ఎంత తిరిగిందని కొట్లాట వేరే. కిరాయి బాకీ పడ్డారని నీళ్లు, కరెంటు బంద్ చేయడం మాత్రం చట్టం ఒప్పదు. చిన్న పిల్లలున్న ఇంటికి మనం ఆ పని చేయగలమా కూడా ఆలోచించండి.

చివరగా ఒక కష్టమైన మాట. టులెట్ బోర్డు చూసి వచ్చినవాళ్లను మనం మొదట ఏమడుగుతున్నాం? "మీరేంటోళ్లు?" అని. కులం పేరు చెప్పినంక "ఇల్లు అయిపోయింది" అనే మాట ఈ సభలో కూర్చున్న ఎందరో అక్కలు విన్నవాళ్లే. సంఘంలో ఒకే చాప మీద కూర్చుని, ఒకే పుస్తకంలో పొదుపు రాసుకుని, గది దగ్గరికి వచ్చేసరికి వేరు చేస్తే అది ఏం సంఘం? ఇంకొకటి. మన దగ్గర కిరాయి ఇంట్ల ఉన్నవాళ్లు చనిపోతే శవాన్ని ఇంటికి తేనివ్వరు. ప్రాణం మీదికొచ్చిన మనిషిని కూడా ఖాళీ చేసి తీసుకుపొమ్మంటరు. సొంతిల్లు లేకపోతే రోడ్డు పక్కన టెంటు కింద పెట్టుకుని ఏడవాల్సి వస్తుంది. "అరిష్టం, మళ్లా ఎవరూ దిగరు" అని మన అక్కలే అంటున్నరు. ఆ భయం మాకూ తెలుసు, మేమూ ఆ ఊళ్లలోనే ఉంటున్నాం. అయినా సంఘం డబ్బుతో కట్టిన గది నుంచి ఒక ఆడమనిషి పెనిమిటి శవంతో రోడ్డు మీద పడకూడదు.

కాబట్టి ఇంటి గది కోసం లోను అడిగే సభ్యురాలి తీర్మానంలో మూడు మాటలు రాయించాలని మీ ముందు పెడుతున్నాం: పది నెలల లెక్క, కిరాయి ఆమె ఖాతాలో పడటం, కులం పేరుతో గానీ చావు పేరుతో గానీ ఎవరినీ బయటికి పంపకపోవడం. మొదటి రెండింటికీ చేతులు లేస్తాయని మాకు తెలుసు. మూడోదానికి ఒప్పుకోని అక్కలు ఇంటికి పోయినంక గొణుక్కోకుండా ఇప్పుడే లేచి చెప్పండి, భోజనాలకు ఇంకా టైముంది.