విలన్ అన్న మాట ఎవరికి తగిలింది?

పోయిన ఎపిసోడ్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎలా మొదలుపెట్టాలో చెప్పాను కదా. ఇవాళ అదే ఆటలో నేను చేసిన ఒక తప్పు చెప్తాను.

మా టేబుల్ దగ్గర ఐదుగురం. నేను డంజన్ మాస్టర్‌ని. అంటే కథ నడిపేదీ, విలన్ గొంతుతో మాట్లాడేదీ నేనే. మొదట్లో ఇంగ్లీషులో ఆడేవాళ్ళం. అప్పుడు విలన్ ఎంత తిట్టినా అదెక్కడో కోటలో జరిగే కథ. తెలుగులో ఆడటం మొదలుపెట్టాక ఆ కోట ప్రభువు కాస్తా మన ఊరి దొర అయిపోయాడు. నాకది భలే నచ్చింది, నిజం చెప్పాలంటే.

ఒక ఆదివారం కథలో హీరోలు దొర గడీకి వెళ్ళారు. అందరికీ గ్లాసుల్లో మజ్జిగ వచ్చింది. మా ఫ్రెండ్ ఒకడు హాఫ్ ఆర్క్ పాత్ర ఆడుతున్నాడు. వాడికి మాత్రం దొర మనిషి గ్లాసు ఇవ్వలేదు. "దోసిలి పట్టు" అని పైనుంచి పోశాడు. అప్పటికప్పుడు తట్టింది నాకు. అబ్బ, ఏం సీన్ పడింది అనుకున్నా! వాడు నవ్వాడు, డైస్ వేశాడు. తర్వాత రెండు ఆదివారాలు రాలేదు.

ఫోన్ చేశాను. "మా తాతకి అలాగే పోసేవాళ్ళురా. ఆ తర్వాత ఆటలో ఏం జరిగిందో నాకు గుర్తే లేదు" అన్నాడు.

"అన్నది విలన్ కదరా, నేను కాదు కదా" అనే మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు, బతికిపోయాను.

ఈ తలనొప్పి మన ఒక్కళ్ళదే కాదు. 1974లో పుట్టిన ఈ ఆటలో 'రేస్' అనే మాట తీసేసి 'స్పీషీస్' అని పెట్టింది 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో! లవ్‌క్రాఫ్ట్ కథల మీద వచ్చిన 'కాల్ ఆఫ్ కతూలూ' ఉంది కదా, ఆ రచయితకి నల్లజాతి వాళ్ళంటే ద్వేషం. క్రిస్ స్పైవీ 2017లో 'హార్లెమ్ అన్‌బౌండ్' అని ఆ ఆటకే పుస్తకం తెచ్చాడు. అందులో హీరోలు 1920ల నాటి హార్లెమ్ నల్లవాళ్ళు. వివక్షని దాచలేదు, టేబుల్ మీద దాన్ని ఎలా నడపాలో చెప్పాడు.

ఎక్స్ కార్డ్ అని ఒకటుంది. టేబుల్ మధ్యలో ఎక్స్ గుర్తున్న కార్డు పెడతారు. ఎవరు ముట్టుకున్నా ఆ సీన్ వదిలేయాలి, కారణం అడగకూడదు. మంచిదే. కానీ ఆ రోజు కార్డు ఉన్నా మావాడు ముట్టుకునేవాడు కాదు, నలుగురి ముందు నవ్వేశాడు కాబట్టి. అందుకే నేనిప్పుడు కథ మొదలవ్వకముందే ఒక్కొక్కళ్ళకీ విడిగా మెసేజ్ పెడతాను: అసలు రాకూడనివి ఏంటి, వచ్చినా తెర వెనకే జరగాల్సినవి ఏంటి అని. గ్రూపులో అడిగితే అందరూ "నాకేం పర్లేదు" అంటారు, మీకు తెలిసిందే.

దొరని కథలోంచి తీసేస్తానన్నాను వాడితో.

"తియ్యకు. నా మీద పొయ్యకు, అంతే. ఊరి బావికి తాళం వేయించాడని చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా."

వచ్చే ఆదివారం వచ్చాడు. తాళం తియ్యడానికి డైస్ వేశాడు. ఇరవైకి మూడు పడింది. ఇక గొడ్డలి తీశాడు.