అరువు తెచ్చిన ఉపగ్రహం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ సహాయంతో వచ్చే సాంకేతిక విజ్ఞానం గురించి నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను, ఆర్థికవేత్తను అంతకంటే కాను. ముప్పయ్యేళ్ళు పైబడి ఫైళ్ళు కట్టిన గుమస్తాను. కనుక కళ్ళారా చూసినదానితోనే మొదలుపెడతాను.

1975లో నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పంచాయతీ సమితి ఆఫీసులో కొత్తగా చేరిన ఎల్.డి.సి.ని. ఆ ఏడాది ఆగస్టు 1న 'సైట్' అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలను ఎంపిక చేస్తే అందులో మన జిల్లా గ్రామాలు కూడా ఉన్నాయి. ఉపగ్రహం అమెరికా వారి నాసాది, పేరు ఏ.టి.ఎస్.-6. ముందు ఏడాది వాళ్ళ దేశంలోనే కొండ ప్రాంతాలకు పాఠాలు, వైద్య సలహాలు అందించి, తరువాత మనవైపు జరిగింది.

ఒప్పందం 1969లోనే కుదిరింది. దాని వెనుక పట్టుదల విక్రం సారాభాయ్ గారిది. పాపం, 1971 డిసెంబరులోనే కన్నుమూశారు, చూడలేకపోయారు. ఒప్పందంలో డబ్బు చేతులు మారలేదు. ఆకాశంలోది వారు ఒక్క సంవత్సరానికి ఇచ్చారు. నేల మీద పని అంతా, అంటే భూకేంద్రాలు, టీవీ సెట్లు, కార్యక్రమాలు, మరమ్మతులు మనవాళ్ళే చూసుకున్నారు. ఊళ్ళో పెట్టిన యాంటెన్నా పది అడుగుల గొడుగులా ఉండేది. దగ్గరకు వెళ్ళి చూస్తే కోళ్ళ దొడ్లకు కట్టే ఇనుప వల! అహమ్మదాబాదు నుంచి ఉత్తరం రావడానికి వారం పట్టే రోజుల్లో బొమ్మ క్షణంలో వచ్చి వాలేది.

పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కొంత వినోదం. మన తెలుగులోనే వచ్చేది. జాతీయ కార్యక్రమం అరగంట మాత్రం హిందీలో, అప్పుడు సగం మంది లేచి బీడీలకు పోయేవారు. సెట్టు చెడిపోతే కబురు పంపడం, మెకానిక్కు జీపు వచ్చిందా లేదా చూడడం మా ఆఫీసు పనుల్లో ఒకటి. నిజం చెప్పాలంటే, మా సమితిలో బోరింగు పంపు బాగు చేయించడం కంటే ఆ టీవీ బాగు చేయించడమే సులువు.

1976 జూలై 31తో గడువు తీరింది. ఆ వారంలో ఒక సర్పంచు గారు ఆఫీసుకు వచ్చి, "సారూ, రేపటి సంది బొమ్మ రాదంటున్నరు. మరి ఈ డబ్బా ఏం జెయ్యాలె?" అని అడిగారు. బి.డి.ఓ. గారు పైనుంచి ఉత్తర్వులు రావాలన్నారు. ఇందులో అమెరికా వారి తప్పేమీ లేదు, ఏడాదేనని ముందే చెప్పారు. కొన్ని ప్రాంతాలకు తరువాత నేల మీది ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. మేమున్న పల్లెలకు రాలేదు. మన ఇంజనీర్లు మాత్రం ఆ ఒక్క ఏడాదిలో నేర్చిన పనిని వదలలేదు. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్ళింది. అదీ అమెరికాలో తయారైనదే, కానీ కొనుక్కున్నది. అడిగి తీసుకుపోయేవారు లేరు. దేశం ఖాతాలో లాభమే. ఆ సర్పంచు గారి ఊరి ఖాతాలో ఏడేళ్ళ ఖాళీ.

ఇది పాత కథ అనుకోకండి. ఇథియోపియా కరువు చూశాక 1985లో అమెరికా సహాయ సంస్థ యు.ఎస్.ఎయిడ్ వారు ఒక ఏర్పాటు చేశారు. ఉపగ్రహ చిత్రాలు, వానల లెక్కలు, సంతలో ధాన్యం ధరలు కలిపి చూసి, ఎక్కడ కరువు రానున్నదో ముందే హెచ్చరించేది. నలభై ఏళ్ళు ఆఫ్రికాలో ఎందరో దాని మీద ఆధారపడ్డారు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయం ఆపేసేసరికి ఆ హెచ్చరికలు కొన్ని నెలలు మూగబోయాయి. అదే సంవత్సరం మళ్ళీ మొదలయ్యాయి గాని, యు.ఎస్.ఎయిడ్ మాత్రం జూలై 1న మూతపడింది. కరువు ఉత్తర్వుల కోసం ఆగదు కదా!

మరో రకం సహాయం కూడా ఉంది. మన కలెక్టరేట్లలో కంప్యూటర్లు పెట్టిన ఎన్.ఐ.సి. 1976లో ఏర్పడినప్పుడు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 44 లక్షల డాలర్లు ఇచ్చింది. ఇచ్చినవారు వెళ్ళిపోయినా సంస్థ ఇక్కడే ఉంది, ఉద్యోగులు మనవాళ్ళే, తలుపు తట్టవచ్చు. మనకు ఇదే ముఖ్యం. 2014 నవంబరులో కేంద్రం జీవన్ ప్రమాణ్ తెచ్చినప్పుడు వేలిముద్రలు అరిగిపోయిన పెద్దలు ఎంత అవస్థ పడ్డారో మీకు తెలుసు. మొత్తుకోగా మొత్తుకోగా 2021 నవంబరులో ముఖం చూపించే పద్ధతి కూడా వచ్చింది. మొరపెట్టుకోవడానికి మనుషులు ఇక్కడే ఉన్నారు గనుక అర్జీలు పెట్టగలిగాం. ఆ సర్పంచు గారు ఎవరికి పెట్టాలి అర్జీ, నాసాకా?

ఇంకా ఫోను పద్ధతి రాని సభ్యులు భోజనాల తరువాత ఆధార్ కార్డు, పెన్షను పత్రాలు పట్టుకుని వెనుక బల్ల దగ్గరకు రండి. మన సభ్యుల మనవలు ఇద్దరు అక్కడ కూర్చుంటారు. కళ్ళజోడు తీసి కూర్చోండి, కెమెరా త్వరగా గుర్తుపడుతుంది.